విసురుగాలిలో చిన్న విమానం: కొత్త పైలట్ వేయాల్సిన లెక్కలు, చేయాల్సిన పనులు

నిలకడగా వీచే 20 నాట్ల (గంటకు సుమారు 37 కిలోమీటర్ల) గాలి చిన్న విమానానికి పెద్ద కష్టం కాదు. రన్‌వేకి సూటిగా ఎదురొస్తే మేలే చేస్తుంది, తక్కువ దూరంలో లేస్తాం, తక్కువ దూరంలో ఆగుతాం. ఇబ్బంది పెట్టేది గాలిలో వచ్చే మార్పు. 22 నాట్లున్న ఎదురుగాలి ఒకటి రెండు సెకన్లలో 12కి పడిపోయిందనుకోండి. విమానానికి బరువుంది కాబట్టి అంత తొందరగా వేగం పుంజుకోలేదు. పోయిన ఆ 10 నాట్లూ నేరుగా రెక్కల మీద గాలివేగంలోంచే పోతాయి. గాలివేగం చూపే సూది 65 దగ్గరున్నది 55కి జారుతుంది. అందుకే గాలి ఎంత ఉందని అడిగి ఊరుకోకూడదు, ఎంత నుంచి ఎంతకు ఊగుతోందని అడగాలి.

ఇక్కడ చెప్పేది సెస్నా 172, పైపర్ ఆర్చర్ లాంటి ముక్కు చక్రం ఉన్న శిక్షణ విమానాల గురించి. తోకచక్రం విమానాలకు విడిగా శిక్షణ కావాలి, వాటి సంగతి ఇందులో లేదు.

ఇంజిన్ వేయకముందే చేయాల్సిన లెక్క

రన్‌వే 27 (అంటే 270 డిగ్రీల దిశ), గాలి 230 డిగ్రీల నుంచి 16 నాట్లు, విసురు 26 నాట్లు అనుకుందాం. రన్‌వే దిశకూ గాలికీ మధ్య కోణం 40 డిగ్రీలు. పక్కగాలి లెక్కకు సైన్ పట్టిక గుర్తుండక్కర్లేదు, గడియారం చాలు. కోణాన్ని నిమిషాలనుకోండి. 15 అంటే పావు, 30 అంటే సగం, 45 అంటే ముప్పావు, 60, ఆపైన ఎంతైనా పూర్తి. 40 డిగ్రీలు అంటే మూడింట రెండు వంతులు. సగటు గాలికి పక్కగాలి 10 నాట్ల పైచిలుకు, విసురుకు దాదాపు 17. సెస్నా 172 హ్యాండ్‌బుక్‌లో లాండింగ్‌కు చేసి చూపిన పక్కగాలి అని ఉండే అంకె 15 నాట్లు. సగటుతో లెక్కేసుకున్నవాళ్లు హాయిగా బయల్దేరతారు. విసురుతో లెక్కేస్తే ఆ రన్‌వే మనకు కాదని అప్పుడే తెలిసిపోతుంది. ఎప్పుడూ విసురుతోనే లెక్క కట్టండి.

గాలి దిశ కూడా ఊగుతుంది. అదే మెటార్‌లో (విమానాశ్రయం వెలువరించే వాతావరణ నివేదికలో) 200 నుంచి 260 వరకు మారుతోందని ఉంటే, 200 వైపు ఉన్నప్పుడే విసురు వచ్చిందనుకుని చూడాలి. కోణం 70 డిగ్రీలు, పక్కగాలి గడియారం లెక్కలో పూర్తి 26 నాట్లు, సైన్‌తో కచ్చితంగా వేస్తే 24. 10 దగ్గర మొదలైన లెక్క 24 దాకా వెళ్లింది, గాలి మాత్రం అదే.

ఆ 15 అంకె గురించి ఒక మాట. అది చాలా విమానాలకు నిషేధ రేఖ కాదు. విమానం పరీక్షించేటప్పుడు టెస్ట్ పైలట్ చేసి చూపిన గాలి అది. అంతకన్నా ఎక్కువలో విమానం పనికిరాదని దాని అర్థం కాదు. కానీ 60, 70 గంటల అనుభవమున్న చేతికి అది లక్ష్యంగా పెట్టుకోవాల్సిన అంకె అంతకన్నా కాదు. లైసెన్స్ కొత్తగా వచ్చినవారికి సబబైన హద్దులు ఇవి: మొత్తం గాలి 15 నాట్లు, సగటుకూ విసురుకూ తేడా 7, పక్కగాలి 8. వీటిని కాగితం మీద రాసి పెట్టుకోండి. పెంచాలనుకున్నప్పుడు ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కోసారి రెండు మూడు నాట్ల చొప్పున పెంచండి. విమానం ఎక్కాక, అవతల ఎవరో ఎదురుచూస్తున్నారని హద్దు సడలించడం మాత్రం వద్దు.

మెటార్ చదివేటప్పుడు మూడు సంగతులు తరచూ జారిపోతాయి. ఒకటి, అంతర్జాతీయ పద్ధతిలో విసురు సగటు కన్నా 10 నాట్లు మించితేనే మెటార్‌లో రాస్తారు. 15 నాట్లు అని మాత్రమే ఉన్నచోట 24 నాట్ల విసురు దాగి ఉండవచ్చు. రెండు, మెటార్ సగటు, శిఖరం చెబుతుందే గాని గాలి తగ్గే అడుగు చెప్పదు. మన వేగాన్ని లాగేసేది ఆ అడుగే. మూడు, మెటార్‌లో రాసిన దిశ భౌగోళిక ఉత్తరం నుంచి లెక్క. టవర్ నోటితో చెప్పేదీ, రన్‌వే నంబరూ అయస్కాంత ఉత్తరం నుంచి. రెండింటికీ తేడా ఎక్కువున్న ప్రాంతంలో ఇది మరిచిపోతే పక్కగాలి లెక్క తప్పుతుంది.

విండ్‌సాక్‌ని (గాలి దిశ చూపే గుడ్డ గొట్టాన్ని) రెండు నిమిషాలు నిలబడి చూడండి. విమానాశ్రయాల్లో మామూలుగా వాడే రకం 15 నాట్లకే పూర్తిగా చాపుకుని అడ్డంగా నిలుస్తుంది. అక్కడి నుంచి 18 ఉందో 30 ఉందో అది చెప్పలేదు. కానీ అది ఎంత తరచుగా వాలుతోంది, ఎన్ని డిగ్రీలు అటూఇటూ తిరుగుతోంది అన్నది అంకెల కన్నా బాగా చెబుతుంది.

వేళ కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎండ ఎక్కి నేల కాగితే పైన ఉండే వేగమైన గాలి కిందికి కలిసి విసురులుగా దిగుతుంది. అందుకే మధ్యాహ్నం తరవాత అల్లరి ఎక్కువ, తెల్లవారాక తొలి గంటల్లో తక్కువ. సాయంత్రం నేల చల్లబడ్డాక కింద గాలి ఆగిపోతుంది గాని, కొన్ని వందల అడుగుల పైన బలంగానే ఉండవచ్చు. నేల మీది నిశ్శబ్దం చూసి లేచినవాళ్లకు ఆ పొర దాటేటప్పుడు గట్టి కుదుపు తగులుతుంది.

నేల మీద నడిపించడం

చాలామంది దీన్ని తేలిగ్గా తీసుకుంటారు. రెక్కలు పైన ఉండే విమానం బోల్తాపడటానికి అనువైన చోటు టాక్సీవేనే, అదీ వెనక మూల నుంచి గాలి కొడుతున్నప్పుడు. గాలి ముందు ఎడమ నుంచి వస్తే యోక్ (విమానం స్టీరింగ్) ఎడమకు తిప్పాలి, ఎలివేటర్ (తోక మీది అడ్డపలక) మధ్యలో ఉంచాలి. వెనక ఎడమ నుంచి వస్తే యోక్ కుడికి తిప్పి, ముందుకు నెట్టాలి. కారణం తెలిస్తే గుర్తుంటుంది. వెనక నుంచి వచ్చే గాలి తోకనూ రెక్కనూ కింద నుంచి ఎత్తాలని చూస్తుంది. ఎడమ ఎలరాన్ (రెక్క చివర కదిలే పలక) కిందికి, ఎలివేటర్ కిందికి దించి పెడితే ఆ గాలి వాటి పైన కొట్టి విమానాన్ని నేలకే అదుముతుంది. టాక్సీవే మలుపు తిరిగిన ప్రతిసారీ యోక్ స్థానం మారాలి. ముందుగానే "గాలి ఇప్పుడు ఎటు?" అని పైకి అనుకునే అలవాటు చేసుకోండి.

వేగం మనిషి నడకకు మించకూడదు. వెనకగాలిలో ఇంజిన్ ఒక్కసారిగా పెంచడం, బ్రేకు గట్టిగా తొక్కడం, మలుపు బిగించి తిప్పడం, ఈ మూడూ ఒకదానికొకటి తోడైతే ప్రమాదం. ఇంజిన్ రన్‌అప్ (లేచే ముందు చేసే ఇంజిన్ పరీక్ష) ముక్కు గాలికి ఎదురు పెట్టి చేయండి.

బయల్దేరే ముందు కంట్రోల్ లాక్ తీశామా, యోక్ చివరిదాకా తిరుగుతోందా అన్నది చేతితో తిప్పి, కంటితో ఎలరాన్లను చూసి నిర్ధారించుకోండి. విమానం విసురుగాలిలో నేల మీద నిలిపి ఉంచినప్పుడు ఎలరాన్లు, రడ్డర్ (తోక మీది నిలువు పలక) స్టాపులకు కొట్టుకుని ఉండవచ్చు, హింజ్‌లు కాస్త నిదానంగా చూడాలి. క్యాబిన్‌లో వదులుగా ఉన్న నీళ్ల సీసా, టాబ్లెట్, మంటలార్పే సిలిండర్ అన్నీ బిగించి పెట్టండి. నడుము బెల్టు మీరు మామూలుగా పెట్టుకునే దానికన్నా గట్టిగా లాగండి. వదులు బెల్టుతో కుదుపుకు ఎగిరిపడేవాడి చేయి యోక్‌ని కూడా లాగేస్తుంది.

పైకి లేవడం

గాలి ఎడమ నుంచి ఉంటే యోక్ పూర్తిగా ఎడమకు తిప్పి పరుగు మొదలుపెట్టండి. వేగం పెరిగేకొద్దీ ఎలరాన్‌కు బలం వస్తుంది కాబట్టి కొంచెం కొంచెంగా తగ్గించండి, కానీ లేచేదాకా కొంత మిగిలే ఉండాలి. అంతా ఒకేసారి సున్నా చేయడం కొత్తవాళ్ల అలవాటు. అప్పుడు గాలివైపు రెక్క లేచి, విమానం అవతలి చక్రం మీద పక్కకు గెంతుతుంది. ఎడమ పక్కగాలి ముక్కును ఎడమకు లాగుతుంది, మామూలు శిక్షణ విమానాల ఇంజిన్ కూడా ఎడమకే లాగుతుంది. రెండూ కలిసి కుడి రడ్డర్ చాలా అడుగుతాయి. కుడి పక్కగాలిలో అవి కొంతవరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి.

ముక్కు ఎత్తే వేగం మామూలు కన్నా 5 నాట్లు పెంచుకోండి, ఎత్తేటప్పుడు తడబడకుండా ఒక్క ఊపులో ఎత్తండి. విసురు మీద సగం తేలి, విసురు తగ్గగానే పక్కకు జరుగుతూ మళ్లీ నేలకు తగిలితే చక్రాల మీద పడే పక్కబరువు చాలా ఎక్కువ. నేల విడిచాక ముక్కును గాలివైపు తిప్పి, రెక్కలు సమం చేసి, రన్‌వే గీత మీదే పైకి వెళ్లండి. హ్యాంగర్లు, చెట్ల వరసలు గాలి వచ్చే వైపున ఉంటే వాటి వెనక గాలి సుడులు తిరుగుతుంది. ఆ అల్లరి అడ్డం ఎత్తుకు పది రెట్ల దూరం దాకా, ఒక్కోసారి అంతకన్నా దూరం సాగుతుంది. 12 మీటర్ల హ్యాంగర్ 100 మీటర్ల అవతల ఉన్నా మీ మీద ప్రభావం చూపుతుందన్నమాట.

పైన ఉన్నప్పుడు

కుదుపులు గట్టిగా ఉంటే మనూవరింగ్ స్పీడ్‌కు (రెక్కల మీద బరువు పరిమితి దాటకముందే విమానం స్టాల్ అయ్యే వేగానికి), దానికన్నా కొంచెం కిందికి తగ్గించండి. ఈ వేగం బరువుతో మారుతుందన్నది చాలామంది మరిచిపోతారు. సెస్నా 172ఎస్‌లో పూర్తి బరువు 2550 పౌండ్లకు అది 105 నాట్లు, 2200కు 98, 1900కు 90. ఒక్కరే, సగం పెట్రోలుతో ఎగురుతుంటే 105 మీకు రక్షణ కాదు. తేలిక విమానాన్ని అదే విసురు ఎక్కువగా ఎత్తేస్తుంది, కాబట్టి రెక్కల మీద బరువు పరిమితి దాటకముందే స్టాల్ కావాలంటే (రెక్క ఎత్తే బలం కోల్పోవాలంటే) వేగం ఇంకా తక్కువ ఉండాలి.

యోక్‌ని రెండు వేళ్లతో, బొటనవేలితో పట్టుకోండి. ముక్కు, రెక్కలు దిగంతంతో ఎలా ఉన్నాయో చూసి ఆ భంగిమ కాపాడితే చాలు. ఎత్తు 100 అడుగులు అటూఇటూ అయినా, సూది 10 నాట్లు ఊగినా వెంటపడకండి. విసురు తెచ్చినదాన్ని చాలాసార్లు తరవాతి విసురే తీసుకుపోతుంది. మీరు మధ్యలో సరిచేస్తే అది రెట్టింపవుతుంది. గుప్పిట బిగిసిందని తెలిసిన ప్రతిసారీ ఊపిరి వదిలి, వేళ్లు వదులు చేయండి.

ప్రయాణం ఉంటే పెట్రోలు లెక్క మళ్లీ వేయండి. 100 నాట్ల విమానం 100 నాటికల్ మైళ్లు వెళ్లి రావడానికి గాలి లేనప్పుడు 2 గంటలు. 30 నాట్ల గాలి వెళ్లేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక ఉంటే అదే ప్రయాణం 2 గంటల 12 నిమిషాలు. ఎదురుగాలి తినేసిన సమయాన్ని వెనకగాలి ఎప్పుడూ పూర్తిగా తిరిగివ్వదు.

సర్క్యూట్‌లో దాగిన ఉచ్చు

మన ఉదాహరణకే వద్దాం. రన్‌వే 27, ఎడమ సర్క్యూట్ (దిగడానికి రన్‌వే చుట్టూ ఎడమ మలుపులతో వేసే దారి), గాలి 230 నుంచి. డౌన్‌విండ్‌లో (రన్‌వేకు సమాంతరంగా, దిగే దిశకు ఎదురుగా వెళ్లే భాగంలో) మీరు రన్‌వేకు దక్షిణాన తూర్పుముఖంగా ఉన్నారు. గాలి వెనక కుడి నుంచి తోస్తూ మిమ్మల్ని రన్‌వేకు దగ్గర చేస్తుంది. తరవాత బేస్‌లో (రన్‌వే గీతకు అడ్డంగా వచ్చే భాగంలో) ఉత్తరముఖంగా తిరిగితే అదే గాలి వెనక నుంచి తరుముతుంది. దూరం ముందే తగ్గింది, వేగం ఇప్పుడు పెరిగింది. ఫైనల్ (రన్‌వేకు సూటిగా దిగే ఆఖరి భాగం) గీత కళ్లముందే దాటిపోతుంది. అక్కడ కొత్త పైలట్ బ్యాంక్ (మలుపులో రెక్కల వాలు) పెంచడానికి భయపడి, ఎడమ రడ్డర్ తొక్కి ముక్కును రన్‌వే వైపు ఈడుస్తాడు, ముక్కు కిందికి వాలితే యోక్ వెనక్కి లాగుతాడు. స్పిన్‌లోకి (స్టాలై గిరగిరా తిరుగుతూ పడిపోవడంలోకి) దించే వరస సరిగ్గా ఇదే, ఆ ఎత్తులో దాన్నుంచి కోలుకోవడానికి చోటుండదు.

నివారణ డౌన్‌విండ్‌లోనే మొదలవ్వాలి. పైన గాలి 25 నాట్లుంటే, 80 నాట్ల వేగంలో ముక్కును దాదాపు 12 డిగ్రీలు కుడికి, రన్‌వేకు దూరంగా తిప్పి ఉంచితేనే గీత నిలుస్తుంది. ఫైనల్ మలుపు మామూలు కన్నా ముందే మొదలుపెట్టండి. బ్యాంక్ 30 డిగ్రీలకు మించనివ్వకండి. 30 దగ్గర స్టాల్ వేగం 7 శాతం పెరుగుతుంది, 45 దగ్గర 19 శాతం, 60 దగ్గర 41 శాతం. 30 డిగ్రీలతో గీత అందకపోతే మలుపు బిగించవద్దు, గో-అరౌండ్ చేయండి (దిగడం మాని మళ్లీ పైకెక్కండి). ఇది బేస్‌లోనే తీసుకోదగ్గ నిర్ణయం, రన్‌వే దాకా రానక్కర్లేదు.

ఫైనల్, దిగడం

వేగం: మామూలు అప్రోచ్ వేగానికి సగటు, విసురుల తేడాలో సగం కలపండి. 16, 26 అయితే తేడా 10, సగం 5. 65 బదులు 70. అంతకు మించి "భద్రత కోసం" ఇంకో 5, ఇంకో 5 చేర్చుకుంటూ పోవద్దు. 65 నుంచి 70కి పోతేనే విమానంలో ఉన్న శక్తి 16 శాతం పెరుగుతుంది. 80తో వస్తే రన్‌వే మీద తేలుతూ ఉంటారు, తేలుతున్నంతసేపూ ప్రతి విసురుకూ చిక్కుతారు. రన్‌వే పొట్టిదైతే ఆ 5 కలిపాక కూడా చాలుతుందా అని ముందే చూసుకోండి.

ఫ్లాప్స్ (రెక్క వెనక అంచున కిందికి దిగే పలకలు): రన్‌వే పొడవు అనుమతించినంత తక్కువ. చాలా సెస్నా 172 హ్యాండ్‌బుక్‌లు పక్కగాలికి ఇదే చెబుతాయి. 20 డిగ్రీలు దాటిన ఫ్లాప్స్‌తో నిటారైన స్లిప్ (ఒక రెక్క దించి, అవతలి రడ్డర్‌తో పక్కకు జారుతూ దిగడం) వద్దని కూడా వాటిలో ఉంటుంది, అలాంటప్పుడు ఎలివేటర్ అదిరే అవకాశం ఉంది. పెద్ద ఫ్లాప్‌తో విసురుకు విమానం ఎక్కువ ఎగరేసుకుపోతుంది, గో-అరౌండ్‌లో పైకెక్కడం కూడా కష్టమవుతుంది.

ఫైనల్‌లో ముక్కు గాలివైపు తిప్పి క్రాబ్‌తో రండి. 300 అడుగుల దగ్గర స్లిప్‌కు మారండి. గాలివైపు రెక్క దించాలి, అవతలి రడ్డర్‌తో ముక్కును రన్‌వే గీతకు సమంగా నిలపాలి. చేతికి ఒక పని, కాలికి ఒక పని. పక్కకు జరుగుతుంటే ఎలరాన్, ముక్కు వంకరైతే రడ్డర్. అనుభవమున్నవాళ్లు ఆఖరి క్షణంలో మారతారు. మీరు 300 దగ్గరే మారండి, ఎందుకంటే అక్కడ గాలిని పరీక్షించడానికి మీకు వ్యవధి దొరుకుతుంది. రడ్డర్ అడుగుదాకా తొక్కినా ముక్కు సమం కాకపోతే ఆ గాలికి మీ విమానం చాలదని అర్థం. ఆ రన్‌వే మీద దిగడానికి ఇంకో ప్రయత్నం అనవసరం. గాలికి దగ్గరగా ఉన్న రన్‌వే కోసం వేరే చోటుకు వెళ్లండి. ఆ పెట్రోలు ముందే ట్యాంకులో ఉండాలి.

నేలకు దగ్గరయ్యేకొద్దీ రాపిడి వల్ల గాలి సహజంగానే తగ్గుతుంది. ఆఖరి 100 అడుగుల్లో ఎదురుగాలి పడిపోయి వేగం జారడం, విమానం కుంగినట్టు అనిపించడం మామూలే. అందుకే థ్రాటిల్ మీంచి చేయి తీయకండి, పవర్‌ను రన్‌వే అంచు దగ్గరే పూర్తిగా మూయకండి. ఫ్లేర్‌లోకి (నేలకు తగిలే ముందు ముక్కు ఎత్తే దశలోకి) కొంచెం పవర్‌తో వచ్చి నిదానంగా తగ్గించండి.

గాలివైపు ప్రధాన చక్రం ముందు తగలాలి, తరవాత అవతలిది, ఆఖరున ముక్కు చక్రం. ఒంటి చక్రం మీద దిగుతున్నామన్న బెరుకుతో ఫ్లేర్‌లో రెక్కలు సమం చేయడం చాలా సాధారణమైన తప్పు. అలా చేసిన క్షణమే విమానం పక్కకు జరగడం మొదలవుతుంది. చక్రం తగిలాక ఎలరాన్ తగ్గించకూడదు, వేగం తగ్గేకొద్దీ పెంచుకుంటూ పోయి చివరకు పూర్తిగా గాలివైపు తిప్పి ఉంచాలి. పైపర్ పీఏ-28లో ముక్కు చక్రం రడ్డర్ పెడల్స్‌కు నేరుగా బిగించి ఉంటుంది. పెడల్ తొక్కి ఉంచి ముక్కు చక్రం దించితే విమానం చటుక్కున ఆ వైపు దూకుతుంది. తగిలే ముందు పెడల్ మధ్యకు తేవాలి.

ఫ్లేర్‌లో విసురు తగిలి విమానం రెండు మూడు అడుగులు లేచిందా, భంగిమ అలాగే పట్టి, కాస్త పవర్ ఇచ్చి మళ్లీ దిగనివ్వండి. ఐదారడుగులు దాటి లేస్తే, గట్టిగా కొట్టుకుని ఎగిరితే, గీతకు పక్కకు పోతే ఇక సరిదిద్దే ప్రయత్నం మానేయండి. యోక్ ముందుకు నెట్టి నేలకు అదిమితే ముక్కు చక్రం ముందు తగిలి విమానం మళ్లీ ఎగురుతుంది, ప్రతి గెంతూ ముందుదానికన్నా పెద్దదవుతుంది. మూడో గెంతుకు ప్రొపెల్లర్, ముక్కు చక్రం పోతాయి. గో-అరౌండ్ చేయండి: పూర్తి పవర్, కుడి రడ్డర్, ముక్కు ఎక్కే భంగిమకు, ఫ్లాప్స్ ఒక్కో మెట్టు చొప్పున. ఫ్లాప్స్ ఒక్కసారిగా ఎత్తేస్తే విమానం కుంగుతుంది.

రెండు ప్రయత్నాల్లో కుదరకపోతే మూడోదానికి ముందు సర్క్యూట్ బయటికి వెళ్లి, గాలిని మళ్లీ అడిగి, వేరే రన్‌వే ఉందా చూడండి. ఎదురు రన్‌వే దగ్గర పడుతుందని వెనకగాలితో దిగే ఆలోచన వద్దు. 172 హ్యాండ్‌బుక్ లెక్కలో ప్రతి 2 నాట్ల వెనకగాలికి దూరం 10 శాతం పెరుగుతుంది.

ఆగాక

రన్‌వే వదిలి టాక్సీవే మీద ఆగి ఫ్లాప్స్ ఎత్తండి. అక్కడి నుంచి యోక్ పని మళ్లీ మొదలు. ముక్కు గాలికి ఎదురు పెట్టి నిలపండి. తలుపు తీసేటప్పుడు అంచు చేత్తో పట్టుకునే తీయండి. వెనకగాలి పట్టిందంటే హింజ్ వంగిపోతుంది, పక్కనున్న ప్రయాణికుడికి ఈ మాట ఇంజిన్ ఆపకముందే చెప్పాలి. చక్రాలకు అడ్డుకట్టలు, కంట్రోల్ లాక్, తరవాత రెక్కలకు తాళ్లు, ఆఖరున తోక. తాడు ఒక అంగుళం కదిలేంత వదులు ఉంచండి. మరీ బిగిస్తే తడిసి కుంచించుకున్నప్పుడు రెక్కను లాగుతుంది, మరీ వదులైతే ప్రతి విసురుకూ విమానం తాడును జాడించి ముడి ఊడదీస్తుంది.